దొర స్తంభం... మా నీలమ్మ దిమ్మ

మా చిన్నతనంలో ఒకరోజు పొద్దున్నే మామ్మ సున్నం బకెట్టు, కొబ్బరిపీచు కుంచె పట్టుకుని మిట్ట ఎక్కింది... వెనకాలే నేను.

మలేసియాలో సుంగై పెటాని ఊరి అవతల రబ్బరు తోట మాది. మాది అంటే, మావాళ్ళు తరాలుగా పాలు తీసిన తోట. మిట్ట మీద దొర బంగళా, దాని పక్కన మా ఇంటికి రెండింతల ఎత్తున గచ్చు స్తంభం. తోట పెట్టిన తెల్లదొర తన భార్యాపిల్లల జ్ఞాపకంగా కట్టించాడట. వాళ్ళ పేర్లు చెక్కి ఉండేవి. ఆ దొర మనవలు సీమ నుంచి చూడ్డానికి వస్తున్నారని మామ్మకి సున్నం పని పురమాయించారు.

సగం వేశాక మేనేజరు వచ్చాడు. మామ్మ చెయ్యి ఆపింది.

"అయ్యా, ఈ స్తంబానికి రాళ్ళు మోస్తా జారిపడి మాయమ్మ సచ్చిపోనాది. నీలమ్మ ఆవిడ పేరు. కింద ఓ మూల రాయించండి."

ఆయన నవ్వాడు. ఇది దొరగారి కుటుంబానిది, కూలీల పేర్లు మొదలుపెడితే గోడలు కట్టించాల్సి వస్తుందన్నాడు, అరవంలో.

మామ్మ కుంచె బకెట్లో పడేసింది. "అయితే మీరే ఏసుకోండి" అని దిగి వచ్చేసింది. ఇంకెవరూ ఆ కుంచె ముట్టుకోలేదు. దొర మనవలు వచ్చేసరికి స్తంభం సగం తెలుపు, సగం నాచు...

నీలమ్మను పూడ్చిన చోటు తోట చివర, చెట్ల మధ్య. మామ్మకి తప్ప ఎవరికీ ఆనవాలు తెలీదు. ఆ వారమే నాన్న వాగులోంచి రాళ్ళు తెచ్చి, అక్కడ నా భుజాల ఎత్తు దిమ్మ కట్టాడు. తడి సిమెంటు మీద మేకుతో "నీలమ్మ" అని తెలుగులో గీశాడు. మామ్మకి చదువు రాదు. అక్షరాల మీద వేలు ఆనించి "ఇదేనా మాయమ్మ?" అని అడిగింది.

మర్నాడే గునపంతో సింహాచలం వచ్చాడు. కూలీల మీద మండోరు, అంటే మేస్త్రీ. మావాడే, మాట చివర మలయ్ వాళ్ళలా 'లా' తగిలించేవాడు.

"అత్తా, కొట్టీమన్నారు. నన్నేటి సెయ్యమంటావు లా?"

"మీ నాయిన్ని ఎక్కడ కప్పెట్టినారో సూపించు. సూపించినాక కొట్టు."

సింహాచలం చెట్ల వైపు చాలాసేపు చూశాడు... ఎటు చూపించాలో తెలియలేదు. గునపం భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మామ్మ పని తీసేశారు. లయంలో, అంటే కూలీల వరస ఇళ్ళలో, మా ఇల్లు నాన్న పేరున ఉండబట్టి నిలిచింది. అమ్మ దిగులుపడుతుంటే మామ్మ అంది, "పనే గదా తీసినారు, పేరు తియ్యలేదు గదా." ఆ తర్వాత బతికున్నన్నాళ్ళూ మురుకులు వండి అమ్మింది. ఎవరి ముందూ తల దించలేదు.

ఇప్పుడు తోట లేదు... లయాలు లేవు... అన్నీ మేడలే. దొర స్తంభానికి కంచె, చరిత్ర చెప్పే బోర్డు. మా దిమ్మని తీసేస్తామని ఇళ్ళు కట్టేవాళ్ళు వచ్చినప్పుడు నేనూ, తమ్ముడూ, సింహాచలం పిల్లలూ యంత్రానికి అడ్డంగా నిలబడ్డాం. మేడల వెనక కాలవ పక్కన ఆ దిమ్మ ఇంకా ఉంది. ఏ బోర్డూ లేదు. మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడదు... కానీ ఆ మూడక్షరాలు చదువుతుంది.

మన తాతమ్మలు ఎందరో ఆ చెట్ల కిందే కలిసిపోయారు. ఇప్పుడు ఆ చెట్లు కూడా లేవు. మీ వాళ్ళ పేర్లు మీకు గుర్తున్నాయా? ఈ పోస్టు కింద రాయండి... తెలుగులోనే రాయండి. చోటు చాలదని ఇక్కడ ఎవరూ అనరు.