సెయింట్ మథియాస్ చర్చిలో రాతి తొట్టి

మా వదిన వినిఫ్రెడ్ టాలివర్, అంటే మా ఆయన అక్కగారు, పెళ్లి చేసుకోలేదు. నలభై ఒక్క ఏళ్లు చర్చినే చూసుకుంది. వర్జీనియాలో పొగాకు చేల మధ్య ఉన్న మా సెయింట్ మథియాస్ ఎపిస్కోపల్ చర్చి కట్టినప్పుడు దూలాలు మోసింది వాళ్ల తాతే. ఒకప్పుడు ఈస్టరుకి బెంచీలు చాలేవి కావట. 1974 నాటికి తొమ్మిదిమందిమి మిగిలాం. అందులో ఇద్దరికి చెవుడు, ఒకాయన ప్రసంగం మొదలవగానే నిద్రపోతాడు.

ఆరాధన బల్ల మీది గుడ్డలు, కొవ్వొత్తులు, ద్రాక్షరసం పోసే వెండి గిన్నె అన్నీ వదిన చేతుల్లోనే ఉండేవి. నన్ను ఇస్త్రీ వరకే రానిచ్చేది. "నీది కంగారు చెయ్యి, లొరేనా" అంటూ గిన్నె మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు. నాకు ఒళ్లు మండేది.

ఆ గిన్నె కడగడానికో పద్ధతి ఉంది. దీవించిన ద్రాక్షరసం ప్రభువు రక్తం, దాన్ని మురుగులో పొయ్యకూడదు. అందుకే వెనకగదిలో చిన్న రాతి తొట్టి ఉంది. దాని గొట్టం తిన్నగా మట్టిలోకి దిగుతుంది. వదిన మిగిలిన రసం అందులో పోసి, గిన్నెని మూడుసార్లు తొలిచి, ఆ నీళ్లు ఇంకేదాకా తల వంచుకుని నిలబడేది.

1961లో చర్చికి మరుగుదొడ్డి కట్టారు. గొట్టాలు వేసింది మా ఆయన క్లైడ్. తవ్వుతుంటే తొట్టి గొట్టం పగిలింది. కిందంతా రాయి. వేరే దారి తవ్వే ఓపిక లేక, దాన్ని సెప్టిక్ ట్యాంకుకి పోయే మరుగుదొడ్డి గొట్టానికి కలిపేశాడు. మర్నాడు భోజనాల దగ్గర ఆ సంగతి నాకు చెప్పి, అక్కకి తెలిస్తే చంపేస్తుందని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఐదేళ్లకి ఆయన పోయాడు. చర్చి పక్కనే పాతిపెట్టాం. వదిన ప్రతి ఆదివారం ఇంటికి వెళ్తూ తమ్ముడి సమాధి రాయి మీద కాసేపు చెయ్యి వేసి నిలబడేది. ఆరాధన అయ్యాక తొట్టి దగ్గర వదిన తల వంచుకుని ఉన్నప్పుడల్లా, పక్కనే గుడ్డలు మడతపెడుతూ నేనుండేదాన్ని. చెప్పడానికి ధైర్యం చాలేది కాదు.

1974లో చర్చి మూసేస్తున్నామని బిషప్పుగారి ఉత్తరం వచ్చింది. భవనం ఎవరో కొనుక్కున్నారు. తొట్టి మాత్రం తాను ఇంటికి తెచ్చుకుంటానని, సోమవారం దగ్గరుండి తవ్విస్తానని వదిన పట్టుబట్టింది. తవ్వితే గొట్టం ఎటు పోతోందో కళ్లారా చూస్తుంది. ఎవరో పనివాడి నోట వినేకంటే నేనే చెప్పాలనుకున్నాను. ఆఖరి ఆరాధనకి ముందురోజు ఇద్దరం గుడ్డలు ఇస్త్రీ చేస్తుంటే చెప్పేశాను.

వదిన ఇస్త్రీపెట్టె ఆపలేదు.

"నీకెప్పుడు తెలిసింది?" అంది.

"కలిపిన మర్నాడే, వదినా."

పెట్టె ఆగింది. గుడ్డ మీద కమిలిన మచ్చ పడింది.

"పదమూడేళ్లు నా పక్కనే నిలబడ్డావు" అంది. నాలుగు తిట్లు తిట్టినా తట్టుకునేదాన్ని.

ఆదివారం అందరం బల్ల దగ్గర రొట్టె, రసం పుచ్చుకున్నాం. ఇక మీదట ఇది మామూలు భవనమని బిషప్పుగారు కాగితం చదివారు. చెవిటివాళ్లు కూడా ఏడ్చారు. వదిన ఏడవలేదు. రసం మిగిలిన గిన్నె తీసుకుని, తొట్టి దాటి వెనక తలుపులోంచి బయటికి నడిచింది. నేను నీళ్ల కూజాతో వెంట వెళ్లాను. తిన్నగా సెప్టిక్ ట్యాంకు దగ్గరికి వెళ్లి, మూత పక్కన మట్టిలో మోకాళ్లూనింది.

"ఇక్కడెందుకు వదినా? గులాబీల కింద మంచి మట్టి ఉంది కదా" అన్నాను.

"పదమూడేళ్లది ఇక్కడే ఉంది. దీన్నొక్కదాన్నీ ఎక్కడో పొయ్యమంటావా?"

నెమ్మదిగా మట్టిలో ఒంపింది. తర్వాత ఖాళీ గిన్నె నా చేతికిచ్చి, మూడుసార్లు తొలవమంది. కూజాలో నీళ్లు పోసి తొలిచి, ఆ మట్టిలోనే ఒంపాను. మూడోసారి నీళ్లు ఇంకేదాకా ఇద్దరం తల వంచుకునే ఉన్నాం. అప్పుడు గిన్నె తీసుకుని లేచింది.

ఇంటికి వెళ్తూ క్లైడ్ సమాధి పక్కనుంచే వెళ్లింది. రాయి మీద చెయ్యి వెయ్యలేదు.