రాశి ముందు అనని మాట

మెట్‌పల్లి చుట్టుపట్ల పద్నాలుగు ఊళ్లలో ఎవరి కల్లంలో ధాన్యం రాశి పోసినా, కొలవడానికి రాయమల్లు రావలసిందే. చదివింది ఊరిబడిలో నాలుగో తరగతి. అయినా నోటిలెక్కలో ఆయనకు ఎదురు నిలిచినవాడు లేడు. అరవై తొమ్మిదిలో వాన తరుముకొస్తుంటే మూడు రోజుల్లో పద్దెనిమిది కల్లాలు కొలిచి ధాన్యం ఇళ్లకు చేర్పించాడు. గింజ తడవలేదు. మార్కెట్‌లో కొత్తగా కాంటా పెట్టిననాడు ఆయన కుంచంతో కొలిచిన బస్తాను దాని మీద వేసి చూశారు. తేడా గుప్పెడు వచ్చింది. ఆ గుప్పెడూ కాంటా తప్పేనని ఆయన గట్టిగా నమ్మాడు. అన్నదమ్ములు వేరు పడితే ముందు కబురు వెళ్లేది ఆయనకే. యాభై ఏళ్లలో ఆయన కొలిచినదాన్ని మళ్లీ కొలవమన్నవాడు లేడు.

అంతటి మనిషి తొంభై మూడు ఎండాకాలంలో తలకు రుమాలు చుట్టుకుని, మనుమరాలు స్వరూప వెంట మెట్‌పల్లి బస్టాండు వెనుక ఉన్న కంప్యూటర్ సెంటర్ మెట్లెక్కాడు.

స్వరూప ఇంటర్ పాసయింది. కంప్యూటర్ నేర్చుకుంటానంది. తల్లి బుచ్చవ్వ వద్దంది. చెన్నూరు నుంచి సంబంధం వచ్చింది, ఆదివారంలోగా వాళ్లకు మాట చెప్పాలి. తండ్రి మొండయ్య, రాయమల్లు కొడుకు, దుబాయిలో ఉన్నాడు. "బాపు ఎట్లంటే అట్లనే" అని ఉత్తరం రాసి ఊరుకున్నాడు. ఇక ఔనన్నా కాదన్నా రాయమల్లే.

"నా కండ్లతోని చూసినంకనే చెప్త" అని బయలుదేరాడు ఆయన.

సెంటర్ నడిపే వెంకటేశ్వర్‌రావు హైదరాబాద్‌లో చదివి వచ్చిన యువకుడు. కొత్తవాళ్లకు భయం పోవాలని ముందు ఒక ఆట ఆడించేవాడు. స్వరూపను కూడా దాని ముందు కూర్చోబెట్టాడు. ఏనాటి రాజులదో కోట, నేలమాళిగలు, రాతి తలుపులు. చిక్కు విప్పితేనే తలుపు తెరుచుకుంటుంది.

"ఏందే పిల్లా, బొమ్మలాటకేనా నన్ను బస్సెక్కిచ్చి తెచ్చినవు?"

"జర ఆగు తాతా. ఆట గాదిది, ఆలోచన."

"ఆలోచనకు కరెంటు గావాల్నా?"

వెంకటేశ్వర్‌రావు నవ్వి కుర్చీ వేశాడు. రాయమల్లు దాని అంచు మీద కూర్చున్నాడు.

గంటలో స్వరూప నాలుగు తలుపులు తీసింది. రాజుగారి ధాన్యపు కొట్టు దగ్గర ఆగిపోయింది. తలుపు ముందు గింజల రాశి, మూడు రాతి విగ్రహాలు, ఒక్కోదాని ముందు ఖాళీ గిన్నె. పైన మూడు దీపాలు. తప్పు చెప్పినప్పుడల్లా ఒకటి ఆరుతుంది. మూడూ ఆరితే ఆట మళ్లీ మొదటికి వస్తుంది. స్వరూప తోచిన అంకెలు కొట్టి అప్పటికే ఒక దీపం పోగొట్టుకుంది. రాయమల్లు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఏం రాసున్నది దాని మీద? సదువు."

స్వరూప ఇంగ్లీషు కూడబలుక్కుని చెప్పింది. "పన్నెండు కుంచాల గింజలున్నయట. ముగ్గురు దేవుండ్లకు పంచాలె. ఎడమ దేవునికంటే నడిమి దేవునికి మూడు ఎక్కువ. కుడి దేవునికి ఎడమ దేవుని దాంట్ల నాలుగో వంతు."

రాయమల్లు కళ్లు సగం మూశాడు.

"నడిమోనికి ఎక్కువిచ్చిన మూడు పక్కకు తియ్యి. తొమ్మిది మిగిల్తయి. నాలుగు, నాలుగు, ఒకటి. అయిపాయె. అన్నదమ్ముల పంపకాలు గింతకంటే కష్టం."

కాగితం మీద లెక్క మొదలుపెట్టిన వెంకటేశ్వర్‌రావు పెన్సిల్ దించి ఆయన వంక చూశాడు. "చెప్పుండ్రి పెద్దాయనా, నేను కొడ్త" అని కీబోర్డు తన వైపు లాక్కున్నాడు.

"ఎడమ నుంచి సూడు సారూ. నాలుగు. ఆరున్నొక్కటి. ఒకటి."

సారు నాలుగు, ఆరు, ఒకటి కొట్టాడు. 'ఆరు, ఒకటి' అని విని, చివరి ఒకటిని ముసలాయన రెండోసారి చెప్పాడనుకున్నాడు. రెండో దీపం ఆరింది.

"లెక్క తప్పింది" అన్నాడు సారు.

రాయమల్లు ముఖం నల్లబడింది. ఆ మాట ఆయనతో ఇంతవరకూ ఎవరూ అనలేదు.

"నా లెక్క తప్పది. నీ చెయ్యి తప్పింది."

"మీరు చెప్పిందే కొట్టిన. కలిపితే పదకొండే అయితున్నయి. నడిమిది ఆరా, ఒకటా?"

గింజలు కొలిచేవాళ్లు రాశి ముందు ఏడు అనరు. అందులో ఏడుపు వినిపిస్తుంది, ఆ ఇంటికి మంచిది కాదంటారు. అందుకే ఆరు తర్వాత ఆరున్నొక్కటి, ఆపైన ఎనిమిది. లక్షల కుంచాలు కొలిచిన రాయమల్లు నోట ఆ మాట ఏనాడూ రాలేదు. మనుమరాలికి ఎన్నేళ్లని బడిలో అడిగినా "ఆరు నిండినయి" అన్నాడే గాని ఆ అంకె చెప్పలేదు.

స్వరూపకు విషయం తెలిసిపోయింది. సారుకు చెప్పబోయింది. రాయమల్లు చేయి అడ్డం పెట్టాడు.

"నువ్వనకు. సదువు మొదలువెట్టంగనే నీ నోట్లకెళ్లి రావద్దది."

"మరి సారుకెట్ల దెలుస్తది? వేళ్లు సూపియ్యి తాతా."

"రాశి కాడ సైగలుండయి. కొలిచినోడు నలుగురికి ఇనవడేటట్టు చెప్పాలె."

రుమాలు విప్పి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. తెర మీది రాశి బొమ్మే. అయినా రాశి రాశే. మిగిలిన ఒక్క దీపం వెలుగుతూనే ఉంది. సారు తొందరపెట్టలేదు.

"నడిమోనికి ఏడు" అన్నాడు రాయమల్లు.

గిన్నెలు నిండాయి. రాతి తలుపు పక్కకు జరిగింది. మిగతా ఇద్దరూ తెర వైపు వంగారు. ఆయన మాత్రం లేచి వరండాలో నీళ్ల కుండ దగ్గరికి పోయాడు. స్వరూప వెనకే వచ్చి గ్లాసుతో నీళ్లు పోసింది. మూడుసార్లు నోరు పుక్కిలించాడు.

"భయమైతుందా తాతా?"

"అయితది. వచ్చేదేమన్న ఉంటే నా మీదికే రానీ." మూతి తుడుచుకున్నాడు. "చెన్నూరోళ్లకు నేనే కబురు వంపుత. బుచ్చవ్వతోని నేను మాట్లాడుత."

లోపలికొచ్చి స్వరూపను చేర్పించే ఫారం అడిగాడు. ఊరిబడిలో నేర్చిన గుండ్రటి అక్షరాలతో, ఒక్కో అక్షరం దిద్దినట్టుగా సంతకం పెట్టాడు.

"ఇంకో తలుపున్నది పెద్దాయనా, కూసుంటరా?" అన్నాడు వెంకటేశ్వర్‌రావు.

"బస్సుకు యాళ్లయింది. పిల్ల సూసుకుంటది."

స్వరూప అప్పటికే వెళ్లి కుర్చీలో కూర్చుంది.