మురుగుగుంట చేపల పులుసు

మా ఊళ్లో శాంతి నెలకొనేది పాపాయమ్మ పుట్టింటికి వెళ్లిన రోజుల్లోనే. భీమవరానికి ఆమడ దూరంలో, మంచినీళ్ల చెరువు గట్టు మీద ఆవిడకో ఇడ్లీ హోటలు ఉండేది. ఇడ్లీలు వేస్తూనే చెరువుకు కాపలా కాసేది. గేదెను దింపినవాడైనా, గుడ్డలు జాడించిన ఇల్లాలైనా సరే, తాతముత్తాతలతో సహా చీవాట్లు తిని వెళ్లేవారు. భర్త చంద్రరావు గొంతు విన్నవాళ్లు ఊళ్లో తక్కువ. ఆ ఇంటికి కావలసిన మాటలన్నీ ఆవిడే సరఫరా చేసేది.

తొంభై ఎనిమిదిలో, ఊరి మురుగు చెరువులో పడకుండా పంచాయతీవారు గట్టు పక్కన ఒక గుంట తవ్వించారు. మురుగు అందులో నిలవాలి, మడ్డి అడుక్కి దిగాలి, పైనీరు జమ్ముగడ్డి దుబ్బుల్లోంచి పారి, తేటపడి, తూము గుండా పొలాలకు పోయే పంటబోదెలో కలవాలి. ఏర్పాటు దివ్యంగా ఉంది. లోపమల్లా ఒక్కటే, గుంటలో నీళ్లున్నాయి. మా ప్రాంతంలో నీళ్లున్న గుంటను చూసి చేపపిల్ల గుర్తుకు రానివాణ్ణి మనిషిగా లెక్కించరు.

పంచాయతీలో ఎదురులేని గోపాలకృష్ణంరాజు గారు ఆ లెక్కన నిండు మనిషి. గుంటలో బొచ్చె చేపపిల్లల్ని వదిలారు. వలకు అడ్డమని జమ్ము పీకించారు. చేపలు జారిపోతాయని తూముకు ఇసుక బస్తాలు వేయించారు. మురుగులో బలం చాలదనిపించిందేమో, కోళ్లఫారం ఎరువు కూడా పోయించారు. దారి మూసుకుపోయిన నీళ్లు పొంగి, గట్టు దాటి చెరువులోకి దిగాయి.

"కాఫీలో ఈ కంపేంటి పాపాయమ్మా?" అంటూ సత్తియ్య గ్లాసు కింద పెట్టి బస్టాండు హోటలుకు నడిచాడు. మిగతా ఊరు అతని వెనకే నడిచింది. ఇడ్లీలు సాయంత్రం దాకా పళ్లెంలో ఉండిపోయాయి.

పాపాయమ్మ రాజుగారి అరుగు దగ్గరికి వెళ్లింది.

"తూము తీయించండి రాజుగారూ. నా పొయ్యి ఆరిపోతందండి."

"నీ కాఫీ ఎప్పుడు బాగుంది గనక, నీళ్ల మీద తోస్తావ్?"

"రెండో గ్లాసు అడిగి తాగినప్పుడు తెలీలేదాండి?"

"విషమైతే చేప బతుకుద్దా? వెళ్లెళ్లు, పని చూసుకో."

"బతికేది చేపండి. తాగేది మేమండి."

తిట్టుకునేటప్పుడు కూడా అండీని వదలని గడ్డ మాది. దూరం నుంచి చూసినవాళ్లు పెళ్లిపిలుపు అనుకుని ఉంటారు.

చేపలు పట్టిన రోజు లారీ లోడయింది. పంచాయతీ అరుగు మీద పెద్దలు కొలువుతీరారు. పాపాయమ్మ ఒక గిన్నె పట్టుకొచ్చి రాజుగారి ముందు విస్తరి పరిచింది. చింతపండు పులుసు, పైన మెంతిపొడి. వాసనకే పంచాయతీ కార్యక్రమాలు వాయిదా పడ్డాయి. ఓడిపోయి రాజీకి వచ్చిందనుకుని రాజుగారు ముద్ద కలిపారు.

"చేప ఎక్కడిదే?"

"తమదేనండి. పొద్దున మురుగుగుంటలో పట్టిందే. వలవాళ్లనడిగి తెచ్చానండి."

ముద్ద విస్తట్లో పడింది. "ఛీ! ఆ గుంట చేప మా ఇంట్లో ఎవరూ ముట్టుకోరు. అది లారీకెక్కేది!"

"చేపనే ముట్టుకోరు. అది ఈదిన నీళ్లు తాగుతారాండి?"

"మాకు ఫిల్టరుందిలే!"

అరుగు కింద కూర్చున్న జనంలోంచి పాపాయమ్మను వదిలి పోయిన సత్తియ్యే ముందుగా లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"మాకు లేదండి రాజుగారూ."

అతనితో పాటు పదిమంది వెళ్లి బస్తాలు పీకేశారు. తర్వాత జమ్ము దుబ్బులు మళ్లీ నాటించారు. ఊరి క్షేమం కోరి చేపల సాగు త్యజించానని రాజుగారు చాలాకాలం చెప్పుకున్నారు.

మర్నాడే సత్తియ్య కాఫీకి వచ్చాడు.

"నీళ్లింకా తేటపళ్లేదు. బస్టాండుకెళ్లు," అంది పాపాయమ్మ, పొయ్యి వెలిగించకుండానే. "తేటపడ్డాక కూడా నీ గ్లాసు చివర్నే."