పొట్టేలు ఒప్పుకుంటేనే సూది

డాక్టర్ సుమనకు నెత్తురంటే భయం లేదు. పాములంటే లేదు, ఫోన్లో అరిచే పై అధికారులంటే అసలే లేదు. తప్పతాగి వచ్చి స్ట్రెచర్ మీద నిలబడి ఉపన్యాసాలిచ్చే మగాళ్లను రెక్క పట్టి కిందికి లాగిన మనిషి ఆమె. కానీ ఎవరి బలహీనత వాళ్లకుంటుంది కదా. ఆమెది పొట్టేలు.

నవ్వకండి. చిన్నప్పుడు నారాయణపేటలో ఎర్ర గౌను వేసుకుని వీధిలో ఆడుకుంటుంటే ఒక పొట్టేలు వెంటపడింది. పిల్ల పరుగెత్తి పరుగెత్తి ఇంట్లోకి దూరి, నాయిన కమలాకర్ నేస్తున్న మగ్గం గుంటలో పడింది. వెనకాలే పొట్టేలూ పడింది. సగం నేసిన పట్టుచీర, పిల్ల, పొట్టేలు, నాయిన నలుగురూ ఒకే గుంటలో. అందరినీ విడదీసేసరికి వాడకట్టంతా అక్కడే ఉంది. ఆనాటి నుంచి ఎక్కడ పొట్టేలు కనబడినా సుమన కాళ్లు వాటంతటవే ఎత్తైన జాగా వెతుక్కునేవి. మెడిసిన్ చదివినా ఆ జబ్బుకు మందు దొరకలేదు.

అలాంటి మనిషికి ఉద్యోగం ఎక్కడ పడిందంటారా? దేవరకొండ అవతల, గుట్టల నడుమ, ఇంటికో మంద ఉన్న పల్లెలకు పెద్దదిక్కైన చిన్న దవాఖానలో. తేలు కుట్టినా, ట్రాక్టర్ బోల్తా పడినా, తొలిచూలు నొప్పులొచ్చినా ముందు వచ్చేది ఆమె అత్యవసర వార్డుకే. రోగి ఒక్కడూ రాడు, ఊరంతా వస్తుంది. ఒకసారి విసుగొచ్చి "అందరు బయటికి నడువుండ్రి!" అని ఆమె కేకేస్తే, ఆ గొంతుకు జడిసి రోగి కూడా లేచి బయటికి నడిచాడు. అతన్ని మళ్లీ వెతికి పట్టుకొచ్చేసరికి నర్సు నాగరాణికి తలప్రాణం తోకకొచ్చింది. ఆమెది పెద్ద నోరే, ఒప్పుకుంటాను. కానీ ఆ నోరు వినపడితే చాలు, సగం నొప్పి తగ్గిందనే ముసలమ్మలు ఆ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఒక ఆదివారం పొద్దున దవాఖాన ముందు డోలు మోగింది. ఎవరిదో పెళ్లి ఊరేగింపు దారి తప్పిందనుకుని సుమన వరండాలోకి వచ్చింది. ట్రాలీ ఆటో ఆగి ఉంది. అందులోంచి ముందుగా దిగింది ఎవరు? పొట్టేలు. మెడలో బంతిపూల దండ, నుదుట పసుపు, మెలి తిరిగిన కొమ్ములు. దిగీ దిగగానే అది సుమన వైపు చూసింది.

సుమన గబుక్కున స్ట్రెచర్ ఎక్కి కూర్చుంది.

"మేడమ్, పేషెంటు జాగాల మీరు కూసుంటే ఎట్ల?" అంది నాగరాణి.

అప్పటికి రోగి దిగాడు. పేరు కురుమయ్య. గొర్లు కాచి కాచి ఎండిన మనిషి. కుడిచెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు, చెమటకు మొహం మీది పసుపంతా కారుతోంది. వెనక భార్య బీరమ్మ పసుపునీళ్ల చెంబుతో, కొడుకు పరశురాములు సోడా సీసాతో, ఇంకా వాళ్ల చుట్టాలందరూ దిగారు. వాళ్ల ఇంటిదేవుడు బీరప్ప పండుగకు గుడికి పోతుండగా దారిలో నొప్పి మొదలైందట.

"గ్యాస్ మేడమ్," అన్నాడు పరశురాములు. "సోడాల మీద సోడాలు తాపినం. తేన్పులైతే మంచిగనే వస్తున్నయి."

సుమన స్ట్రెచర్ దిగి, పొట్టేలుకు అల్లంత దూరం నుంచి చుట్టూ తిరిగి, ముసలాయన్ను లోపల పడుకోబెట్టి ఈసీజీ తీసింది. కాగితం బయటికి వస్తుంటేనే ఆమె మొహం మారిపోయింది. ఫోటో తీసి నల్లగొండలోని గుండె డాక్టర్‌కు పంపితే ఆయన నుంచి ఒక్కటే మాట వచ్చింది: ఆలస్యం చేయకండి, సూది వేసేయండి.

"పెద్దాయనా, ఇది గ్యాస్ గాదు, గుండెపోటు," అంది సుమన. "గుండెకు నెత్తురు పొయ్యే తొవ్వల గడ్డ అడ్డం పడ్డది. దాన్ని కరిగించే సూది మా దగ్గర ఉన్నది. ఇప్పుడే ఎయ్యాలె. ఎంత ఆలస్యమైతే గుండె అంత సచ్చిపోతది. చెయ్యి ఇటియ్యి."

కురుమయ్య చెయ్యి ఇవ్వలేదు. ముడుచుకుని చంకలో దాచుకున్నాడు.

"బీరప్పను అడగాలె," అన్నాడు.

చుట్టాలంతా తలలూపారు. ఎరగనివాళ్ల కోసం చెబుతాను. దేవుడికిచ్చే పొట్టేలు మీద పసుపునీళ్లు చల్లి అందరూ దండం పెట్టుకుని నిలబడతారు. అది ఒళ్లు విదిలిస్తే దేవుడు ఒప్పుకున్నట్టు. విదిలించేదాకా కత్తి ముట్టరు. ఇది ఆ ప్రాంతమంతా ఉన్న ఆచారమే. కానీ కురుమయ్య ఇంట్లో ఇంకో రెండడుగులు ముందుకు పోయారు. పిల్ల పెళ్లికీ పొట్టేలునే అడిగారు, ఎవరికి ఓటెయ్యాలో కూడా పొట్టేలునే అడిగారు. ఒక్కసారి మాత్రం అల్లుడు తొందరపెడితే అడగకుండా బోరు వేశారు. దుమ్ము తప్ప చుక్క నీరు పడలేదు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఒకటే కట్టుబాటు: దేనికి పొక్క పొడవాలన్నా, అదే చిల్లు పెట్టాలన్నా, దేవుడి మాట కావాలి.

"భూమికైనా, తోలుకైనా," అని వివరించాడు కురుమయ్య, ఆయాసపడుతూనే.

అయితే సుమన ఇచ్చిన మాత్రలు మాత్రం కిమ్మనకుండా నమిలాడు. నోట్లోకి పోయేదంతా తిండి కిందికే వస్తుందట. చూశారా, కట్టుబాటులోనూ ఎంత న్యాయమో!

"మరి అడుగుండ్రి, జల్ది అడుగుండ్రి!" అని అరిచింది సుమన.

పొట్టేలును కిటికీ ఎదురుగా, ముసలాయనకు కనబడేలా నిలబెట్టారు. దాని పేరు సర్పంచి. అందరికన్నా ముందు నడుస్తుందనీ, చేసే పని మాత్రం ఏమీ ఉండదనీ ఆ పేరు పెట్టారు. బీరమ్మ పసుపునీళ్లు చల్లింది. డోలు మోగింది. "శరణు బీరప్పా, శరణు" అని అందరూ మొక్కారు. సర్పంచి మాత్రం దవాఖాన వాళ్లు కుండీలో పెంచుకుంటున్న చెట్టు ఆకులు తాపీగా నమలసాగింది.

మళ్లీ నీళ్లు, మళ్లీ డోలు. సర్పంచి ఒక కుండీ అవగొట్టి రెండో కుండీ దగ్గరికి పోయింది.

వార్డులో ఉన్న రోగులంతా కిటికీల దగ్గర చేరారు. కాలు విరిగినతను కుంటుకుంటూ వచ్చి, "తోక పిసుకుండ్రి" అని సలహా ఇచ్చాడు. సెలైన్ సీసా తానే ఎత్తి పట్టుకుని వచ్చిన ఇంకొకామె, "డోలు గట్ల గాదు, జర ఊపుగ కొట్టాలె" అంది. మన దేశంలో ఉచితంగా దొరికేది ఒక్కటే కదా, సలహా.

లోపల కురుమయ్య నాడి తప్పుతూ తప్పుతూ కొట్టుకుంటోంది. పెదవులు నల్లబడుతున్నాయి. చేతికందే దూరంలో మందుంది, మందుకందే దూరంలో ప్రాణముంది, మధ్యలో ఒక గొర్రె ఆకులు నములుతోంది! ఇలాంటి రోజు వస్తుందని ఏ ప్రొఫెసరూ చెప్పలేదు.

"తాతా, నీ కాళ్లు మొక్కుతా, చెయ్యియ్యి!" అంది.

"బీరప్ప ఒద్దన్నంక ఎట్ల బిడ్డా?" అన్నాడు కురుమయ్య. ఆయన కళ్లలోనూ నీళ్లున్నాయి. బతకాలని ఎవరికి ఉండదు?

అప్పుడు బీరమ్మ లోపలికి పరుగెత్తుకొచ్చి సుమన చేతులు పట్టుకుంది. "మా మాట ఇంటలేడమ్మా దేవుడు. నువ్వు డాక్టరువు. నువ్వు అడుగు. నా పెనిమిటిని బతికించు తల్లీ!"

సుమన నాగరాణి వైపు చూసింది. "సూది తయారుగ పెట్టు," అంది. ఫ్రిజ్ తెరిచి చల్లటి సెలైన్‌ను పెద్ద సిరంజిలోకి లాగి, కోటు కింద దాచుకుని బయటికి నడిచింది.

నడిచింది అన్నాను గానీ, ఆ నడక మీరు చూసి ఉండాల్సింది. ఒక అడుగు ముందుకు, అర అడుగు వెనక్కు. చివరికి సర్పంచి ఎదుట నిలబడింది. సర్పంచి నమలడం ఆపి, తల వంచి, కొమ్ములు చూపించింది.

ఏం మాట్లాడాలో తోచక, రోజూ రోగి బంధువులకు అప్పజెప్పే మాటలే పొట్టేలుకు అప్పజెప్పింది. "చూడు... ఈ మందు గడ్డను కరిగిస్తది. ఎక్కడో ఒకరికి నెత్తురు కారే ప్రమాదమున్నది. ఎయ్యకపోతే ఇంకా ప్రమాదం. నీకేమన్న అనుమానాలుంటే ఇప్పుడే అడుగు."

సర్పంచికి అనుమానాలేవీ లేవు. కాలితో నేలను గీరింది.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి బీరమ్మ చెంబెడు పసుపునీళ్లు పొట్టేలు మీదికి విసిరింది. కంగారులో గురి తప్పింది. సగానికి సగం సుమన నెత్తిన పడ్డాయి. ముందు కొమ్ములు, మెడ మీద చన్నీళ్లు! సుమన అరికాలి నుంచి నడినెత్తి దాకా ఒక్క వణుకు వణికింది. మెడలోని స్టెతస్కోపు ఎగిరి డోలు మీద పడి ఢమ్మంది.

అయినా వెనక్కి పోలేదు, అదీ మనిషంటే. కళ్లు గట్టిగా మూసుకుని, ఎడమచేత్తో సర్పంచి చెవి పట్టుకుని, కుడిచేత్తో కోటు కింది సిరంజి తీసి, సర్రుమని చెవిలోకి కొట్టింది. సర్పంచి ఒక్క క్షణం ఆలోచించింది. ఆ తర్వాత ఒళ్లు విదిలించింది చూడండి! బంతిపూల రెక్కలు గోడల మీద, పసుపు చుక్కలు అందరి మొహాల మీద, సగం నమిలిన ఆకులు డాక్టరమ్మ కోటు మీద.

"ఇదిలిచ్చింది! ఒప్పుకున్నడు బీరప్ప!" అని జనం కేకలు పెట్టారు. కాలు విరిగినతను ఆనందంలో విరిగిన కాలు మీదే గంతేసి, మళ్లీ మంచమెక్కాడు.

సుమన లోపలికి పరుగెత్తింది. కురుమయ్య చొక్కా చెయ్యి పైకి మడిచి, చెయ్యి బారుగా చాపి పెట్టి ఉన్నాడు. నాగరాణి నరం కూడా పట్టేసింది.

"మీరు పొట్టేలు ముందట నిలబడ్డప్పుడే చాపిండు మేడమ్," అంది నాగరాణి. ఆ మాట పట్టించుకునే తీరిక సుమనకు ఎక్కడిది? మందు ఎక్కింది. అందరూ గడియారం చూడటం మాని ముసలాయన మొహమే చూస్తూ కూర్చున్నారు. మెల్లగా నొప్పి తగ్గింది, నాడి దారిలో పడింది. కురుమయ్య ఒక పెద్ద తేన్పు తేన్చాడు. "సూసిన్రా, గ్యాసే," అన్నాడు పరశురాములు. డాక్టరమ్మ చూసిన చూపుకు బయటికి పోయి సోడా సీసా చెత్తడబ్బాలో వేసొచ్చాడు. ముసలాయన్ను అంబులెన్సులో హైదరాబాద్ పంపించాక సుమన బాత్రూమ్‌లోకి పోయి తలుపేసుకుని ఏడ్చింది. ఆ తర్వాత జుట్టులో పసుపు కడుక్కుంది.

కొన్ని వారాలు గడిచాక కురుమయ్య నడుచుకుంటూ వచ్చాడు. ఒక చేతిలో కొత్త గొంగడి, ఇంకో చేతిలో పగ్గం. పగ్గం చివర సర్పంచి. సుమన యథాప్రకారం స్ట్రెచర్ ఎక్కింది.

గొంగడి ఆమె ఒళ్లో పెట్టాడు కురుమయ్య. ఆమెకు ఉండబట్టలేదు. ఆ రోజు చేసిన పని అప్పటికీ లోపల ముల్లులా గుచ్చుతూనే ఉంది.

"తాతా, ఒక మాట చెప్తా, కోపం చెయ్యకు. ఆ రోజు పొట్టేలుతోటి దేవుడు మాట ఇప్పియ్యలే. నేనే దాని చెవుల నీళ్లు కొట్టిన."

"ఎరుకనే," అన్నాడు కురుమయ్య. "కిటికీల నుంచి అంత కనబడ్డది."

"మరి... ఎరుకైతే చెయ్యి ఎందుకిచ్చినవ్?"

"అది ఇదిలియ్యకముందే ఇచ్చిన బిడ్డా. మా బీరమ్మ పసుపునీళ్లు ఎవరి మీద పోసింది? నీ మీద. కాళ్ల సంది నెత్తి దాకా ఇదిలిచ్చింది ఎవరు? నువ్వు." కురుమయ్య నింపాదిగా నవ్వాడు. "పొట్టేలంటే గంత భయమున్న పిల్ల, నా పానం కోసం పొయ్యి దాని చెవి పట్టింది. బీరప్ప మాట ఇంకెట్లుంటది?"

సుమన ఒళ్లోని గొంగడి మడత విప్పి, మళ్లీ మడిచింది. నాగరాణి మందుల అల్మారా వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

సర్పంచి వైపు ఓరగా చూస్తూ సుమన అడిగింది: "అయితే... మాటిచ్చినదాన్ని కోస్తరు గదా?"

"నిన్ను కొయ్యంలే," అన్నాడు కురుమయ్య. "దీన్ని గూడ కొయ్యం. దీని మాట మాకు అక్కరే పడలే, ఇంక దీని మెడ ఎట్ల అడుగుతం? మీ ఇద్దరు సల్లగుండుండ్రి."

సర్పంచి స్ట్రెచర్ దగ్గరికి వచ్చి ఆమె కోటు అంచు వాసన చూసింది. సుమన కళ్లు గట్టిగా మూసుకుని, చెయ్యి కిందికి చాచి, వణుకుతూనే దాని చెవి నిమిరింది.