ఎర్ర దారం కట్టిన మగ్గు

ఆ ఎండాకాలం గురించి తలుచుకుంటే నాకు రెండు అద్దాల తొట్లు తప్ప ఇంకేమీ గుర్తుకురావు. పెద్ద తొట్టి ముందు గదిలో, మా ఆయన కుర్చీ పక్కన ఉండేది. చిన్నది వంటింట్లో అరుగు మీద. చిన్నదాంట్లో రాగి సరిపడా ఉందో లేదో రోజూ చూడాలి, పెద్దదాంట్లోకి ఒక్క చుక్క రాగి కూడా పోకుండా చూడాలి. కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ ఉద్యోగం, ఇంట్లో వంట, మా ఆయనకు స్నానం, కాళ్లూ చేతులూ ఆడించే వ్యాయామం, ఇవన్నీ అయ్యాక మిగిలిన ఓపికతో ఈ పని. ఓపిక మిగిలేది కాదు. అయినా చేసేదాన్ని.

కొత్తగూడెంలో సముద్రపు చేపలేమిటని అందరూ అడిగేవాళ్లు. మా ఆయన బొగ్గు గనుల్లో సర్వేయరు. నలభై రెండో ఏట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ పోయాయి. చెప్పింది అర్థమయ్యేది, తిరిగి చెప్పడానికే మాట దొరికేది కాదు. రాయడమూ పోయింది. ఆరు నెలలు ఒక్క మాట లేదు. మద్రాసు ఆసుపత్రికి తీసుకెళితే అక్కడ రోగులు కూర్చునే హాల్లో పెద్ద అద్దాల తొట్టి, అందులో సముద్రపు చేపలు. వాటిని మూడు రోజులు రెప్పవేయకుండా చూశాడు. నాలుగో రోజు ఎడమ చెయ్యి ఎత్తి "అగో" అన్నాడు. నేను ఆ హాల్లోనే అందరి ముందూ ఏడ్చాను.

ఏది చూస్తే మాట వస్తుందో అదే చూపించమన్నాడు డాక్టరు. ఆయనకేం, అనేసి పక్క రోగిని పిలిచాడు. తొట్టి కొన్నది, మోసింది, కడిగింది నేను. క్వార్టర్లలో ఉండే లారీ డ్రైవరు ఒకాయన బాపట్ల వైపు వెళ్లినప్పుడల్లా క్యాన్లలో సముద్రపు నీళ్లు తెచ్చిపెట్టేవాడు. చేపలు మద్రాసు నుంచి రైల్లో, గాలి నింపిన పాలిథిన్ సంచుల్లో ఖమ్మం స్టేషనుకు వచ్చేవి. అక్కడి నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చేదాన్ని.

"ఏంది మేడం, కూరకా?" అనేవాడు కండక్టరు.

"అవ్, పులుసుకు," అనేదాన్ని. వివరించే ఓపిక ఉంటే కదా.

మొదటిసారి తెచ్చిన చేపల్ని నేరుగా పెద్ద తొట్టిలో వదిలాను. అయిదో రోజుకు వాటి ఒళ్లంతా ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు. వారం తిరిగేసరికి ఒక్కటి తప్ప అన్నీ పోయాయి. అప్పటికి "అగో", "అన్నం", "అమ్మ" అనే మూడు మాటలు పలుకుతున్న మా ఆయన పదకొండు రోజులు మళ్లీ మూగవాడయ్యాడు. చేపలమ్మేవాడికి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి తిట్టాను. తిట్లన్నీ విన్నాక అతను నింపాదిగా చెప్పాడు: కొత్త చేపను మూడు వారాలు విడిగా పెట్టాలి, ఆ నీళ్లలో రాగి కలపాలి, తెల్ల చుక్కల పురుగు రాగికి చస్తుంది. తక్కువ వేస్తే పురుగు చావదు, ఎక్కువ వేస్తే చేప చస్తుంది.

రాగి మందంటే ఏమీ లేదు, మన రైతులు తోటల్లో తెగుళ్లకు కొట్టే మైలుతుత్తమే. కాకపోతే నాది ల్యాబ్‌లో దొరికే శుద్ధమైన రకం. తూచి, నీళ్లలో కరిగించి, సీసాలో పోసి, సిరంజితో కొలిచి చిన్న తొట్టిలో వేసేదాన్ని. ఆ తొట్టిలో ఇసుక ఉండకూడదు, గవ్వలు ఉండకూడదు, అవి రాగిని తాగేస్తాయి. చేప దాక్కోవడానికి ఒక పైపు ముక్క, గాలి గొట్టం, అంతే. రోజూ కాస్త నీళ్లు సీసాలో పట్టుకుని కాలేజీకి తీసుకెళ్లేదాన్ని. ల్యాబ్‌లో ఒక రసాయనం ఉండేది, అది కలిపితే రాగి ఉన్న నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. రాగి లేని నీళ్లు పక్కన ఇంకో గొట్టంలో పెట్టుకుని పోల్చి చూస్తే ఎంత ఉందో తెలుస్తుంది.

పెద్ద తొట్టి సంగతి వేరు. అందులో బతికిపోయిన ఒంటి చేప, నారింజ రంగు మీద తెల్ల పట్టీలది, తర్వాత తెప్పించిన ఒక అనిమోన్‌లో కాపురం పెట్టింది. అనిమోన్ అంటే చూడటానికి పువ్వు, నిజానికి ప్రాణి. దాని వేళ్లలాంటి రేకుల మధ్య ఆ చేప దొర్లుతుంటే మా ఆయన ముఖం వెలిగేది. నాలుగో మాట అక్కడే వచ్చింది, "పువ్వు". ఆ మాట కోసం నేను ఏమైనా మోసేదాన్ని. ఇప్పుడు ఒంటి చేపకు జోడీ తెప్పించాం. అది చిన్న తొట్టిలో మూడు వారాలు గడిపి పువ్వు దగ్గరకు చేరాలి. కాని రాగి అంటే పువ్వుకు గిట్టదు. చేప తట్టుకునే దాంట్లో ఏ కొంచెం తగిలినా అది చస్తుంది.

అందుకే మగ్గులు, గొట్టాలు, గుడ్డలు అన్నీ వేరు చేశాను. మందు తొట్టి మగ్గు పిడికి ఎర్ర దారం కట్టాం. ఆ ముడి మా ఆయన ఎడమ చేత్తో, పళ్లతో, అరగంట తంటాలుపడి వేశాడు. ఆ మగ్గు పెద్ద తొట్టి గదిలోకి రాకూడదు.

"నా మడి కంటే నీ మడే ఎక్కువైంది గదనే," అనేది మా అత్తమ్మ. "మగ్గు ముట్టుకున్నా మైలేనాయె!" నవ్వేది కాని, ఆ ఎర్ర దారాన్ని ఒక్కసారి కూడా గడప దాటనివ్వలేదు.

మే నెల వచ్చింది. మా ఊరి ఎండ సంగతి తెలిసిందే. పెద్ద తొట్టిలో నీళ్లు రోజూ వేలి మందం తగ్గేవి. నీరు ఆవిరైనా ఉప్పు అక్కడే ఉంటుంది కాబట్టి తగ్గినంతా ఉప్పులేని నీళ్లు పోయాలి. పరీక్షల సీజను, పొద్దున పోతే సాయంత్రం దాకా నాకు ల్యాబ్‌లోనే సరి. "అత్తమ్మా, మధ్యాహ్నం పెద్ద తొట్టి మీద గీసిన గీత దాకా నీళ్లు పోయండి, మనం తాగేవే పోయండి," అని చెప్పి వెళ్లేదాన్ని. ఆమె ఒక్కరోజూ మరిచిపోలేదు.

రెండు వారాలకు పువ్వు ముడుచుకోవడం మొదలైంది. చేప మాత్రం బాగానే తిరుగుతోంది. లైటు మార్చాను, గాలి పెంచాను, ఎండ తగలకుండా గోనెపట్టా కట్టాను. అదే సమయంలో మా ఆయనకు దాహం ఎక్కువైంది. వంటింటి గుమ్మం పక్కనున్న బిందె వైపు ఎడమ చెయ్యి చూపి "ఆ... ఆ..." అనేవాడు. గ్లాసు ముంచి ఇచ్చేదాన్ని. తాగేవాడు, మళ్లీ చెయ్యి చూపేవాడు. "ఎన్ని తాగుతావయ్యా," అని విసుక్కుని ఇంకో గ్లాసు ఇచ్చి, సిరంజి కడుక్కోవడానికి వెళ్లేదాన్ని. ఒకసారి గ్లాసు నెట్టేశాడు. నేల తుడుస్తూ కోపంతో ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తుంది, రాయలేను.

ఒకరోజు ల్యాబ్‌లో పోల్చుకోవడానికి సముద్రపు నీళ్లు లేవు. ఆ వారం లారీ సముద్రం వైపు పోలేదు, క్యాన్లు ఖాళీ. పెద్ద తొట్టిలో రాగి ఉండదు కదా అని ఆ నీళ్లే తీసుకెళ్లాను. రసాయనం వేశాను. తెల్లగా ఉండాల్సిన గొట్టం పసుపు రంగుకు తిరిగింది. చేతులు కడుక్కుని, గొట్టం కడిగి మళ్లీ చేశాను. మళ్లీ పసుపే.

నేనే ఎక్కడో ఎర్ర దారం మగ్గు ముంచి ఉంటానని ఏడుపొచ్చింది. పర్మిషన్ పెట్టి ఒంటిగంట ఎండలో ఇంటికి నడిచాను. తలుపు తీసేసరికి అత్తమ్మ పెద్ద తొట్టి ముందు స్టూలు మీద నిలబడి చెంబుతో నీళ్లు పోస్తోంది. స్టూలు పక్కన బిందె ఉంది. శుక్రవారం కదా, పొద్దున్నే చింతపండుతో తోమింది, తళతళ మెరుస్తోంది. రాగి బిందె.

రాత్రంతా రాగి బిందెలో నిలవుంచిన నీళ్లు తాగితే ఒంటికి మంచిదని ఆ ఇంట్లో అందరం అవే తాగుతాం. పదేళ్లుగా నేనూ తాగుతున్నాను. నేను చిన్న తొట్టిలో చుక్కలు లెక్కపెట్టి వేస్తున్న దాన్నే మా అత్తమ్మ పెద్ద తొట్టిలో చెంబులతో పోసింది. నీరు ఆవిరైపోయింది, రాగి మిగిలింది. కెమిస్ట్రీ చదివిన నేను ఆ బిందె పక్కనుంచి రోజుకు ఇరవైసార్లు నడిచాను.

"జల్దీ వచ్చినవేందే?" అంది అత్తమ్మ. "పువ్వు వాడుతున్నది గదా అని ఇయ్యాల రెండు చెంబులు ఎక్కువ పోసిన. మనోడికి తాపే నీళ్లే. వాడు గూడ ఊకె బిందె దిక్కే చెయ్యి చూపెడుతున్నడు, గింత దూపేందో."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నన్నే చూస్తున్నాడు. ఎడమ చెయ్యి మెల్లగా ఎత్తి బిందెను చూపించాడు, తర్వాత తొట్టిని చూపించాడు. చెయ్యి ఒళ్లో పడేసుకున్నాడు. ఆయనకు దాహం వేయలేదు. ఏ రోజూ వేయలేదు.

పువ్వు రెండో రోజు చచ్చిపోయింది. నీళ్లు కంపు కొట్టకముందే తీసి పారేయాలి, తీశాను. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎందుకు సచ్చిపోయిందే? గంత మంచిగ చూస్కుంటిమి గదా," అంది. నా నోట్లో మాట సిద్ధంగా ఉంది. అలసటకు తోడు కోపం, ఆపుకోవడం నావల్ల కాలేదు. నోరు తెరిచాను.

"ఎండ," అన్నాడు మా ఆయన.

అది ఆయన అయిదో మాట. తల్లి వైపు తిరిగి మళ్లీ అన్నాడు, "అమ్మ. ఎండ."

ఎండకు కుండ నీళ్లు చల్లగా ఉంటాయని చెప్పి, బిందె స్థానంలో మట్టికుండ పెట్టాను. అత్తమ్మ ఒప్పుకుంది. చివరిదాకా ఆమెకు అసలు సంగతి చెప్పలేదు.

ఆ తర్వాత మా ఆయన చెయ్యి ఎత్తితే గ్లాసు ముంచడం మానేశాను. ఎన్ని పనులున్నా కుర్చీ పక్కన కింద కూర్చుని "ఏందయ్యా?" అని అడిగేదాన్ని. ఆయన మాట వెతుక్కునేదాకా ఆగేదాన్ని. కొన్నిసార్లు పావుగంట పట్టేది. చాలాసార్లు ఆయనకు కావలసింది నీళ్లే.