సీటు ఎత్తులో రెండంగుళాలు

సంవత్సరం 1994, నెల జూన్. ఇంతవరకు నాకు సందేహం లేదు. ఆ నెలలోనే గుడివాడలో ఒక పాత సైకిలు ఫ్రేము కొన్నాను. పద్దెనిమిది అంగుళాల లేడీస్ ఫ్రేము, ఉక్కుది, అతుకుల దగ్గర తుప్పు లేదు. ఆ తరువాతి సంగతులు మాత్రం, అంటే ఆ సైకిలు ఎవరి కోసం తయారైంది, దాని మీద ఎవరెవరు కూర్చున్నారు అన్నవి, ఈనాటికీ నా లెక్కలో సరిగా ఇమడవు. ఇమిడినంత మేరకు వరసగా రాస్తాను.

అప్పట్లో నేను గుడివాడలో మురుగు కాలవల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. గట్ల వాలులు, నీటి మట్టాలు గీయడం నా పని. నా భార్య అవనిగడ్డ వైపు ఒక ఆరోగ్య కేంద్రంలో నర్సు. పల్లెలు తిరిగి గర్భిణులను చూడటం, పిల్లలకు టీకాలు వేయడం ఆమె పని. కాపురం అవనిగడ్డలో. నేను వారమంతా గుడివాడలో ఒక గదిలో ఉండి శనివారం సాయంత్రం ఇంటికి చేరేవాణ్ణి.

ఆమె చూసే పల్లెల్లో చిట్టచివరిది సముద్రం అంచున ఉండేది. కాలవ లాకుల దాకా తారురోడ్డు, బస్సు. అక్కడి నుంచి నాలుగు కిలోమీటర్లు నల్లమట్టి కట్ట. ఆ ఏడు కొత్తగా వచ్చిన డాక్టరు గారు ఆమెను పిలిచి, వానాకాలంలో కూడా వారానికి రెండుసార్లు ఆ పల్లెకు వెళ్ళి, పొద్దుండగానే తిరిగి రాగలిగితే సరేనని, లేకపోతే పల్లెను వేరొకరికి అప్పగించి ఆమెను బంటుమిల్లి వైపు మార్చమని పైకి రాస్తానని చెప్పారు. దసరా దాకా గడువు ఇచ్చారు.

"బంటుమిల్లి అయితే నాకు గుడివాడ నుంచి దగ్గరే కదా" అన్నాను.

"మీకు దగ్గరేనండీ. ఆ పల్లెలో సగం మంది పిల్లలు నా చేతుల్లో పుట్టారు. వాళ్ళకి ఎవరు దగ్గర?" అంది.

తారు మీదా కట్ట మీదా ఒకేలా నడిచే సైకిలు ఒకటి తయారు చేయడమే మార్గమని నిర్ణయించాను. ఆమె చిన్నతనంలో అన్నగారి సైకిలు తొక్కిన మనిషే.

ఫ్రేమును బస్సు టాపు మీద వేసుకొచ్చాను. పామర్రులో కండక్టరు పైకి చూసి, "చక్రాలేవండీ?" అన్నాడు.

"బందరులో కొనాలి."

"అయితే దీనికి అర టిక్కెట్టా, ముప్పావు టిక్కెట్టా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. అది హాస్యమో నిబంధనో నాకు వెంటనే తెలియలేదు.

బందరులో రెండు శనివారాలు దిగి మిగిలిన సామాను పోగుచేశాను. చక్రాలు ఇరవైఆరు అంగుళాలవి. వెనక చక్రానికి నలభై పుల్లలు, అంటే స్పోకులు. మామూలువి కాక, రిక్షాలకు వేసే లావు రకాన్ని పొడవు తగ్గించి మర తిప్పించాను. పెడల దగ్గర పళ్ళచక్రానికి నలభైనాలుగు పళ్ళు. వెనక ఫ్రీవీలుకు మామూలుగా పద్దెనిమిది పళ్ళుంటాయి. నేను ఇరవైరెండు పళ్ళది వేశాను. పద్దెనిమిదికి పెడలు ఒక చుట్టు తిప్పితే బండి పదహారున్నర అడుగులు పోతుంది. ఇరవైరెండుకు పదమూడున్నరే పోతుంది. వేగం తగ్గుతుంది కాని, మెత్తటి నేల మీద కాలికి బరువు తెలియదు.

నల్లమట్టి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య చిక్కుకుంటే చక్రం ఆగిపోతుంది. అందుకే దివిసీమలో తొలకరి పడగానే చాలామంది మడ్‌గార్డులు ఊడదీసి అటక మీద పడేస్తారు. నర్సు చీర మీద బురద పడకూడదు కనుక నేను వాటిని తీయలేదు. రెండంగుళాలు పైకి లేపి బిగించాను. దానితో క్యారియరు కూడా లేచి నేల నుంచి ముప్పై అంగుళాల ఎత్తుకు వచ్చింది.

ఇక సీటు. మా వైపు సీటు ఎత్తుకు అందరిదీ ఒకటే పద్ధతి: సీటును చంక కింద పెట్టుకుని చేయి చాపితే వేళ్ళు పెడల ఇరుసుకు తగలాలి. మనుషులందరి చేతులూ కాళ్ళూ ఒకే నిష్పత్తిలో ఉండవు కాబట్టి నేను దాన్ని నమ్మను. ఆమెను గోడకు ఆనించి నిలబెట్టి, కాలి పొడవు టేపుతో మూడు పర్యాయాలు కొలిచాను. ఇరవైఏడున్నర.

"జాకెట్లు కుట్టేవాడు కూడా నన్నింతసేపు నిలబెట్టడు" అంది.

లెక్క ప్రకారం సీటు పై అంచు నేల నుంచి ముప్పైనాలుగు అంగుళాలు ఉండాలని తేలింది. కడ్డీ మీద ఆకురాయితో సన్నని గీత గీసి, అక్కడికి బిగించాను. ఆదివారం వీధిలో రెండుసార్లు అటూ ఇటూ తొక్కి చూపించింది. మోకాలు సరైన కోణంలో వంగింది. సోమవారం తెల్లవారుజామున నిశ్చింతగా గుడివాడ బస్సెక్కాను.

ఆ శనివారం ఇంటికి వచ్చి కొలిస్తే సీటు ముప్పైరెండు దగ్గర ఉంది.

బోల్టు వదులైందనుకున్నాను. ముప్పైనాలుగుకు లేపి గట్టిగా బిగించాను. మరుసటి శనివారం మళ్ళీ ముప్పైరెండు. రేకు ముక్క ఒకటి కడ్డీకి చుట్టి, కొత్త బోల్టు వేసి బిగించాను. మళ్ళీ ముప్పైరెండు. నా కలవరానికి కారణం సీటు దిగడం కాదు. జారే సీటు ఒకసారి అరంగుళం, ఒకసారి ముప్పావంగుళం దిగుతుంది. ప్రతిసారీ రెండంగుళాలకు తక్కువ కాకుండా, ఎక్కువ కాకుండా జారే సీటును నేను ఎక్కడా చూడలేదు. దానికి తోడు, నా పధ్నాలుగో నంబరు పానా ఇంట్లో కనిపించడం మానేసింది.

"సీటు దానంతటదే దిగుతోందా?" అని అడిగాను.

"దిగితే దిగనివ్వండి. పోయిందేముంది."

"నువ్వు దించుతున్నావా?"

"అన్నం చల్లారిపోతోంది, రండి."

నేను సైకిలునే అడగదలిచాను. ఒక ఆదివారమంతా దాన్ని తలకిందులుగా నిలబెట్టి పరీక్షించాను. హ్యాండిలు ఎడమ పిడి రబ్బరు అరిగి నున్నబడింది. కుడి పిడి కొత్తదిలాగే ఉంది. ఆమె ఎడమచేతి వాటం మనిషి కాదు. పెడళ్ళు అరగవలసినంత అరగలేదు, కాని వెనక చక్రంలో పుల్లలు రెండు తెగాయి. క్యారియరు కాళ్ళు కొద్దిగా బయటికి వంగాయి. మందుల పెట్టె బరువుకు అవి వంగవు. తొక్కేవాళ్ళు లేకుండా బరువు మోసే సైకిలు ఒకటి నా ఎదుట ఉంది. ఈ గుర్తుల్లో ఏ రెంటినీ కలిపినా మూడోది అడ్డం వచ్చేది.

ఆగస్టులో ఇంకో చిక్కు వచ్చింది. "పల్లెకి వెళ్ళిన రోజుల్లో పొద్దుపోయి వస్తున్నానని డాక్టరు గారికి అనుమానం వచ్చిందండీ. సైకిలు కొన్నాక కూడా ఆలస్యమేంటి, అసలు పల్లె దాకా వెళ్తున్నారా అని అడిగారు" అని చెప్పింది.

"నువ్వేమన్నావు?"

"బురద అన్నాను."

ఆ వారం దివిసీమలో వాన చుక్క పడలేదు. ఆ లెక్కలు మా ఆఫీసులో నా బల్ల మీదికే వస్తాయి. ఆమె అబద్ధం చెప్పిందని అనుకోవడం నాకు సాధ్యం కాలేదు. లెక్క తప్పని అనుకోవడం అంతకన్నా సాధ్యం కాలేదు. సీటు తక్కువైతే మోకాళ్ళు పట్టేస్తాయి, అందువల్లే ఆలస్యమవుతోంది, ఈ పద్ధతిలో దసరా నాటికి పల్లె చేయిజారుతుంది అని తేల్చుకున్నాను. కడ్డీకీ ఫ్రేముకూ కలిపి కన్నం వేసి, అడ్డంగా బోల్టు దూర్చి, సీటును ముప్పైనాలుగు దగ్గర శాశ్వతంగా నిలపాలని బరమా అరువు తెచ్చాను.

ఆమె వంటింట్లోంచి గబగబా వచ్చింది. "కన్నం మాత్రం పెట్టకండి."

"కారణం చెప్పు."

"రేపు సెలవు పెట్టి నాతో రండి. చూశాక మీ ఇష్టం."

సోమవారం పక్కింటివారి సైకిలు తీసుకుని ఆమె వెంట బయలుదేరాను. తారు మీద ఆమె చక్కగా తొక్కింది. లాకులు దాటి కట్ట ఎక్కాక కూడా దిగలేదు. ఇరవైరెండు పళ్ళు ఉద్దేశించిన పని చేస్తున్నాయి. పక్కింటి సైకిలు మీద నేనే రెండుచోట్ల దిగి నడిచాను. సీటు ముప్పైనాలుగు నుంచి వెంట్రుకవాసి కూడా కదల్లేదు. పల్లె చేరేసరికి నా అయోమయం రెట్టింపైంది.

అక్కడ ఆడవాళ్ళు ఇసుకలో ఎండుచేపలు తిరగేస్తున్నారు. ఒక ముసలామె నన్ను ఎగాదిగా చూసి నా భార్యతో, "ఈయనేనా నర్సమ్మగారూ, ఆదివారం ఆదివారం సీటు పైకెక్కించే బాబుగారు?" అంది.

"ఈయనే."

"మంచోరే. ఎక్కించకపోతే మళ్ళీ వచ్చేటప్పుడు నీకు మోకాళ్ళు గడ్డానికి తగిలేయి" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు చెంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. పరిచయం లేని ఊరికి నా సీటు సంగతి ఎలా తెలిసిందో నాకు బోధపడలేదు.

ఆ ముసలామె కోడలికి నెలలు నిండాయి. నా భార్య ఆ పిల్ల కాళ్ళ వాపు నొక్కి చూసి, చేతికి పట్టీ చుట్టి బీపీ చూసి, "ఈ వేళే ఆసుపత్రికి రావాలి. రేపటిదాకా ఆగకూడదు" అంది. తరువాత మందుల సంచిలోంచి నా పధ్నాలుగో నంబరు పానా తీసింది. సీటు బోల్టు వదులు చేసి, కడ్డీని ఫ్రేములోకి అడుగంటా దించింది. క్యారియరు మీద రెండంగుళాల మందాన దుప్పటి మడిచి వేసింది. సీటూ క్యారియరూ ఒక ఎత్తుకు వచ్చి చిన్న బల్లలా తయారయ్యాయి. ఆ పిల్లను దాని మీద పక్కకు తిప్పి కూర్చోబెట్టింది. తాను ఎడమవైపు నిలబడి, ఎడమచేత్తో హ్యాండిలు పట్టుకుని, కుడిచెయ్యి ఆ పిల్ల నడుము చుట్టూ వేసింది. అత్తగారు రెండోవైపు నిలబడింది. కట్ట మీదుగా తోసుకుంటూ కదిలారు.

నేను వెనక నడుస్తూ, "నాకు ముందే చెప్పవచ్చు కదా" అన్నాను.

"చెబితే మీరు మనిషి బరువు, కట్ట వాలు లెక్కేసి, పడిపోతుందని తేలుస్తారు. ఆ తరవాత నాకు తొయ్యడానికి చేతులు వస్తాయా?"

"మరి సీటు నువ్వే మళ్ళీ లేపుకోవచ్చు."

"మీరు శనివారం వస్తారుగా."

ఈ చివరి మాటను ఎలా తీసుకోవాలో నాకు తోచలేదు. ఎంతమందిని ఇలా తెచ్చిందని అడగబోయి మానుకున్నాను. లాకులు కనిపించసాగాయి, అక్కడ ఆరోగ్య కేంద్రం జీపు ఆగి ఉంది. ఆలస్యానికి కారణం స్వయంగా చూడటానికి డాక్టరు గారు వచ్చారు.

ఆయన ముందుగా ఆ పిల్ల కాళ్ళు చూసి జీపులో ఎక్కించారు. తరువాత సైకిలు వైపు తిరిగారు. "ఇలా ఎప్పటి నుంచి?"

"సైకిలు వచ్చినప్పటి నుంచీనండి" అంది నా భార్య. "వెళ్ళేటప్పుడు తొక్కుకుంటూ వెళ్తానండీ. వచ్చేటప్పుడు ఎవరో ఒకరుంటారు, అందుకే పొద్దుపోతుంది."

"కట్ట మీద నుంచి పడితే పూచీ ఎవరిదమ్మా?"

ఆమె తల దించుకుంది. మాట అందుకున్నది ముసలామె. "బాబుగారూ, మంచం మీద మొయ్యాలంటే నలుగురు మగాళ్ళు కావాలి. మగాళ్ళంతా వేటకెళ్ళారు. సముద్రంలోకెళ్ళి పిలుచుకు రమ్మంటారా?"

డాక్టరు గారు నన్ను చూశారు. "మీరు కాలవల ఆఫీసువారట, సైకిలు కట్టింది మీరేనట. మీరు చెప్పండి. ఇది క్షేమమేనా?"

నా భార్య అప్పుడు తలెత్తి నా వైపు చూసింది. ఆ పల్లె ఆమెకు ఉండటమూ పోవడమూ ఆ క్షణాన నా మాట మీద ఉందని నాకు తెలుసు. ఫ్రేము బరువు తెలుసు, పళ్ళు తెలుసు, పుల్లలు తెలుసు. పక్కకు తిరిగి కూర్చున్న నిండు మనిషితో, ఇద్దరు ఆడవాళ్ళ మధ్య, కట్ట మీద నడిచే సైకిలుకు ఏ సూత్రం వర్తిస్తుందో మాత్రం తెలియదు. కొలవకుండా నేను ఎవరికీ ఏమీ చెప్పి ఎరగను.

"లెక్క నాకు తెలియదండీ" అన్నాను. "నాలుగు కిలోమీటర్లూ వెనకే నడిచాను. ఒక్కసారి కూడా ఒరగలేదు."

డాక్టరు గారు జీపు తలుపు తీశారు. "రెండోవైపు మనిషి లేకుండా ఎవరినీ ఎక్కించవద్దు. బాగా వాన పడితే ఎక్కించనే వద్దు" అని ఆమెతో అన్నారు. "దసరా గడువు సంగతి మరిచిపోండి. పల్లె మీదే." జీపు వెళ్ళిపోయింది. ముసలామె కూడా కోడలితో వెళ్ళింది. నా భార్య సైకిలు నాకిచ్చి లాకుల అరుగు మీద కూర్చుని, చాలాసేపు తన ఎడమ అరచేతిని కుడిచేత్తో రుద్దుకుంది.

ఆ పిల్లకు మగపిల్లవాడు పుట్టాడని మరుసటి శనివారం తెలిసింది. నేను బందరులో దిగి, పానా అక్కర్లేకుండా చేత్తోనే తిప్పగల రెక్కల నట్టు తెచ్చాను. కడ్డీ మీద ముప్పైరెండు దగ్గర రెండో గీత గీస్తూ, ఈ సైకిలు అసలు ఎత్తు ఎంతని చెప్పాలో తేలక కూర్చున్నాను. ఆమె గుమ్మంలోంచి చూస్తోంది.

"క్యారియరు కొంచెం వెడల్పు చేయిస్తారా?" అంది. "వచ్చే నెలకి అక్కడ ఇంకో అమ్మాయి ఉంది. కవలలట."

"ఎంత వెడల్పు?"

ఆమె చేతులు రెండూ గాలిలో చాపి, కొద్దిగా దగ్గరికి తెచ్చి, మళ్ళీ దూరం చేసింది. "ఇంత" అంది.

నేను టేపు తీసుకుని లేచేలోగా చేతులు దించేసి లోపలికి వెళ్ళిపోయింది.