పక్క సీట్లో పానాల పెట్టె

రివర్స్ గేరు లేని కారుతో గోదావరి జిల్లాలో కాపురం ఎంత కష్టమో కొండ ప్రాంతాల వాళ్ళకి చెప్పినా అర్థం కాదు. వాళ్ళకి వాలు ఉంటుంది. వాలు చూసి కారు ఆపుకుంటే, కావాల్సినప్పుడు అదే వెనక్కి జారుతుంది. మా దగ్గర నేల పళ్ళెంలా చదును. కాలవ వంతెన ఎక్కి దిగే చోట తప్ప వాలన్నదే కనపడదు. వంతెన మీద కారు ఆపితే వెనకొచ్చే బస్సు డ్రైవరు ఊరుకోడు.

తొంభైల నడిమధ్య మాట. అప్పుడు నేను కాకినాడలో పాలిటెక్నిక్‌లో మెకానికల్ లెక్చరర్ని. తోటివాళ్ళు ఒక్కొక్కరూ అగ్గిపెట్టెల్లాంటి కొత్త చిన్న కార్లు కొనుక్కుంటుంటే, నేను వెళ్ళి నాకన్నా రెండేళ్ళు మాత్రమే చిన్నదైన తెల్ల అంబాసిడర్ తెచ్చుకున్నాను. స్టాఫ్ రూములో అందరూ వరసగా వచ్చి ఓదార్చారు. ఏనుగు బతికినా వెయ్యే చచ్చినా వెయ్యే అని నేను గొప్పగా జవాబు చెప్పాను.

"బతికున్నన్నాళ్ళూ మేత కూడా ఏనుగంతే తింటుందండి," అన్నారు మా లెక్కల లెక్చరర్ గారు.

ఆయన అన్నది నిజమే. కానీ ఆ రోజుల్లో నేను ఎవరి మాటా ఒప్పుకునే రకం కాదు.

పాత కారంటే నాకు పిచ్చి. కొత్త కారు బానెట్ ఎత్తితే అన్నీ మూతలే, వేలు పెట్టడానికి సందుండదు. దీని బానెట్ ఎత్తితే ఇంజను చుట్టూ ఇద్దరు నిలబడి కబుర్లు చెప్పుకోవచ్చు. ఆదివారం పొద్దున్నే కాఫీ తాగి, లుంగీ ఎగ్గట్టి, ప్లగ్గులు విప్పి గరుకు కాగితంతో గీకేవాణ్ణి. కార్బొరేటర్ కడిగేవాణ్ణి. సముద్రపు గాలికి తలుపుల అంచులు తుప్పు పడితే ఆ తుప్పంతా గీకి రెడ్ ఆక్సైడ్ రంగు పూసేవాణ్ణి. మధ్యాహ్నం దాకా దాని కింద పడుకున్నా ఆకలి తెలిసేది కాదు. సాయంత్రం స్టార్ట్ చేస్తే మజ్జిగ చిలికినట్టు నెమ్మదిగా చప్పుడు చేసేది. ఆ చప్పుడు వింటూ గేటు దగ్గర నిలబడితే, వారమంతా కాలేజీలో పిల్లలు నన్ను విసిగించిన విసుగు పోయేది.

పానాలు, స్క్రూడ్రైవర్లు, పాత ఫ్యాను బెల్టు, రెండు స్పేరు ప్లగ్గులు, ఇవన్నీ ఓ రేకు పెట్టెలో సర్ది ముందు పక్క సీట్లో పెట్టుకునేవాణ్ణి. ఎక్కడ ఏది అవసరమవుతుందో తెలీదు కదా, చేతికి అందాలి. అందుకని మా ఆవిడ వెనక సీట్లో కూర్చునేది.

"టాక్సీ ఎక్కినట్టుందండీ," అనేది అప్పుడప్పుడు.

నేను నవ్వేసి ఊరుకునేవాణ్ణి. పెట్టెని డిక్కీలో పెట్టొచ్చన్న ఆలోచనే నాకు రాలేదు.

ఆ కారుని రామచంద్రపురం దగ్గర ఓ పల్లెలో కొన్నాను. దాన్ని ముప్పై ఏళ్ళు నడిపిన రైతుగారు అప్పటికి పోయి ఏడాది. అమ్మింది ఆయన భార్య. అరవై దాటిన మనిషి, ఊళ్ళో అందరూ అమ్మగారు అనేవారు, నేనూ అలాగే పిలిచాను. బేరం దగ్గర ఆవిడ ఏమీ పట్టింపు చూపలేదు. ఒక్క షరతు మాత్రం పెట్టారు.

"ఏడాదికోసారి నన్ను ఈ కారులోనే కోనసీమలో మా పుట్టింటికి తీసుకెళ్ళి తీసుకురావాలి మాస్టారూ. ఆయన ఉన్నన్నాళ్ళూ ఏ ఏడూ తప్పలేదు."

"తప్పకుండానండి. ఇంతకీ, కారులో లోపాలేమైనా ఉన్నాయాండి?"

"లోపాలేముంటాయండి? అన్నీ బాగానే పనిచేస్తాయి."

ఆ మాట నమ్మి, వాళ్ళ వాకిట్లోంచి నేరుగా ముందుకి తోలుకొచ్చేశాను. ఇంటికొచ్చి తిప్పబోతే రివర్స్ పడలేదు. ఆ రకం కార్లకి గేరు రాడ్డు స్టీరింగు కిందే, ఎడమవైపున ఉంటుంది. లాగాను, తోశాను, బతిమాలాను, తిట్టాను. గరగరమంది తప్ప లొంగలేదు. మా మెకానిక్ తల లోపలికి పెట్టి రెండుసార్లు కదిపి చూశాడు.

"గేరుబాక్సులో పళ్ళు పోయాయండి. బాక్సు దింపాలి. దింపినా సామాను దొరకదండి, ఆయ్," అని తేల్చేశాడు.

నేను చదువుకున్నవాణ్ణి కదా, ఆ పళ్ళు ఏ కోణంలో ఎలా అరుగుతాయో అతనికే బొమ్మ గీసి మరీ వివరించాను. ఇద్దరం తృప్తిగా టీ తాగాం. బాక్సు విప్పి చూద్దామని ఇద్దరికీ తోచలేదు. అమ్మగారి మీద మాత్రం లోపల గుర్రుగా ఉండేది. అంత పెద్దమనిషి అబద్ధం చెప్పి అమ్ముతారా అనుకునేవాణ్ణి.

ఆ తర్వాత నా లోకం మారిపోయింది. ఊళ్ళన్నీ నాకు రెండు గేట్లున్నవి, ఒకటే గేటున్నవి అని రెండు రకాలుగా కనపడేవి. పెట్రోలు బంకులంటే ప్రేమ పుట్టింది, ఓ వైపు వెళ్ళి ఇంకో వైపు రావచ్చు. రెండు గేట్లున్న కల్యాణమండపంలో పెళ్ళయితే శుభలేఖ అందకపోయినా వెళ్ళాలనిపించేది. గేర్ల పాఠం చెప్పే మాస్టారు సందు మలుపు దాటిపోతే ఊరంతా చుట్టి వస్తారని మా విద్యార్థులు నవ్వుకునేవారు. దీపం కిందే చీకటి అంటారు కదా, అలాగన్నమాట.

ఓపిక పట్టింది మా ఆవిడే. అదీ ఆ వేసవి దాకానే. రామచంద్రపురంలో వాళ్ళ పిన్నిగారి ఇంట్లో పెళ్ళికి వెళ్ళి, నేను పరధ్యానంగా అవతల దారిలేని సందులో దూరాను. వెనక్కి తోయాల్సి వచ్చింది. మగపెళ్ళివారు నలుగురూ, వాళ్ళతోపాటు పట్టుచీరలో మా ఆవిడా తోశారు. నేను ఆ పొద్దున్నే పూసిన రెడ్ ఆక్సైడ్ ఇంకా ఆరలేదు. చీర కుచ్చిళ్ళకి అరచేతి వెడల్పున అంటింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ మా ఆవిడ అంది.

"ఇంకొక్కసారి ఈ కారుని జనం చేత తోయించే పనొస్తే, మర్నాడు అది మన వాకిట్లో ఉండకూడదండి. రొయ్యల చెరువాయనకి ఇచ్చేద్దురుగాని."

రొయ్యల చెరువాయన అంటే సముద్రపొడ్డు వైపు ఆసామి. ఇంజను మాత్రం ఊడబీకి, కిరసనాయిలు మీద నడిపి, చెరువుల్లోకి నీళ్ళు తోడించుకుంటాడట. అప్పటికే రెండుసార్లు వచ్చి నా కారుని సంతలో గేదెని చూసినట్టు చూసి వెళ్ళాడు. నా మజ్జిగ చిలికే ఇంజను ఉప్పునీళ్ళు తోడడమా? కానీ తప్పు నాది. సరేనని మాటిచ్చాను.

సరిగ్గా నెల తిరిగేసరికి అమ్మగారి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. ఏడాది అయింది, వచ్చే ఆదివారం పుట్టింటికి వెళ్దాం అని. నేను వెళ్ళాల్సిన దారంతా మనసులో లెక్క వేసుకున్నాను. రామచంద్రపురం, ద్రాక్షారామం, కోటిపల్లి రేవు, అక్కడ పంటు ఎక్కితే అవతల ముక్తేశ్వరం. ఎక్కడా వెనక్కి తిరిగే పనిలేదు. నేనూ మా ఆవిడా ధీమాగా బయల్దేరాం. అమ్మగారు వాకిట్లో సిద్ధంగా ఉన్నారు. వెనక తలుపు తీసి పట్టుకుంటే, ఆవిడ నన్ను దాటి వెళ్ళి ముందు తలుపు తీశారు.

"నేనెప్పుడూ ఇక్కడే కూర్చునేదాన్ని. ఈ పెట్టేంటి మాస్టారూ?"

పెట్టె డిక్కీలోకి వెళ్ళింది. వెనక మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

పంటు అంటే రెండు పడవల్ని జంటగా కట్టి పైన బల్లలు పరిచినది. మనుషులు, సైకిళ్ళు, అరటి గెలలు, పాల క్యాన్లు, వీటి మధ్య ఓ కారు కూడా పడుతుంది. నేను ఆ రేవు ఎన్నోసార్లు దాటాను, అన్నీ కారు లేకుండానే. రెండు చెక్కల మీదుగా కారుని ముందుకి ఎక్కించాను. ముందు బంపరు అవతలి కొసన ఉన్న ఇనప కమ్మీకి జానెడు దూరంలో ఆగింది. పంటు కదిలాక, గాలి హాయిగా ఉంటే దిగి నిలబడి చూద్దును కదా, ఆ కొసకి దారే లేదు. చెక్కలు వేసేది ఒక్క వైపే.

"ఏమండీ, అవతల కారు ఎలా దింపుతారండీ?" అని పంటు నడిపే ఆయన్ని అడిగాను.

"ఏముందండి, ఎక్కినట్టే ఎనక్కి దింపేయడమేనండి."

గోదావరి అంత అందంగా ఎప్పుడూ లేదు, నాకు మాత్రం చూసే కళ్ళు లేవు. రివర్స్ లేదని ఆయన చెవిలో చెప్పాను. ఆయన చెవిలో చెప్పించుకున్నాడు గానీ, జవాబు మాత్రం పంటు మొత్తానికీ వినపడేలా చెప్పాడు.

"రివర్సు లేదా అండీ? ముందు నుంచి తోద్దామంటే మనిషి పట్టే సందు లేదే! పర్లేదులెండి, ఎనక తాడు కట్టి పదిమంది లాగేత్తారు."

మా ఆవిడ నావైపు తిరిగింది. నేను చివరి ప్రయత్నం చేశాను.

"తోయించడం కాదు కదా, లాగడమే."

"రేపు సోమవారం," అంది. "రొయ్యల ఆయనకి కబురు పెట్టండి."

కోపంగా కూడా అనలేదు. అందుకే నాకు ఎక్కువ బాధేసింది. ముక్తేశ్వరం రేవు దగ్గర పడింది. జనం దిగారు, మా ఆవిడ దిగింది. పంటు ఆయన తాడు తీసుకుని వెనక బంపరు దగ్గర వంగాడు. నేను అమ్మగారిని కూడా దిగమన్నాను. ఆవిడ కదలలేదు.

"తాడెందుకు?"

ఏడాదిగా దాచుకున్న గుర్రు అంతా బయటికొచ్చేసింది. "రివర్స్ గేరు పోయిందండి. మీరు కారు ఇచ్చినప్పటికే పోయి ఉంది," అన్నాను.

"పోవడమేంటి? కూర్చోండి, చూపిస్తాను. క్లచ్చి తొక్కండి."

తొక్కాను. ఆవిడ పక్కకి తిరిగి, ఎడం చెయ్యి డాష్‌బోర్డు కిందికి పోనిచ్చి గేరు రాడ్డు మొదట్లో ఉన్న కీలుని పైకి నొక్కారు. కుడిచేత్తో రాడ్డు కొస పట్టుకుని ఒక్క కుదుపు కుదిపారు. చప్పుడు లేకుండా, వెన్నలో వేలు దిగినట్టు, గేరు పడింది.

"నేను పట్టుకుంటాను, వదిలితే జారిపోతుంది. మీరు వెనక్కి చూసుకుంటూ పోనివ్వండి."

నా కారు తన చక్రాల మీద, తన బలంతో, చెక్కల మీదుగా గట్టెక్కింది. రేవులో ఉన్నవాళ్ళెవరో చప్పట్లు కొట్టారు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినవాడి మొహం ఎలా ఉంటుందో ఆ క్షణాన నన్ను చూస్తే తెలిసేది. బాక్సులో పళ్ళకి ఏమీ కాలేదు. బయట కీలులో బుష్ అనే చిన్న తొడుగు అరిగింది, అంతే. క్లచ్ తొక్కి కూర్చున్నవాడి చెయ్యి అక్కడిదాకా చేరదు.

"ఈ సంగతి ముందే చెప్పకపోయారా అండీ?" అన్నాను.

"ఎవరడిగారు నాయనా? లోపాలున్నాయా అన్నావు. ఇది లోపం కాదు. ఇద్దరు పట్టాల్సిన గేరు."

'మీరు' నుంచి 'నువ్వు'లోకి ఎప్పుడు దిగారో ఆవిడా గమనించలేదు, నేనూ గమనించలేదు. మా ఆవిడ వచ్చి వెనక ఎక్కాక, కారు రోడ్డు మీద పడ్డాక, అమ్మగారు ముందుకి చూస్తూనే చెప్పారు.

"కారు కొన్న కొత్తలో మా అత్తగారు నన్ను వెనకే కూర్చోమనేవారు. ఆడది మగాడి పక్కన కూర్చుని ఊరేగడమేంటని. సరే, వెనకే కూర్చునేదాన్ని. నాలుగేళ్ళకి ఈ కీలు అరిగింది. మెకానిక్కు పావుగంటలో మార్చేస్తానన్నాడు. మా వారు వద్దన్నారు. ఇంటికొచ్చి వాళ్ళమ్మతో, 'ఇది పక్కన మనిషి లేందే వెనక్కి వెళ్ళదే అమ్మా, ఏం చెయ్యను?' అన్నారు. ఆరోజు నుంచి ఆయన పోయేదాకా ఈ సీటు నాదే."

ఆ పెద్దాయన్ని నేను ఒక్కసారి కూడా చూడలేదు. అయినా పాత కార్ల గురించి నాకు తెలిసిందంతా ఆయన ముందు దిగదుడుపే అనిపించింది. ఇంజనీరుని నేను, మరమ్మతు తెలిసినవాడు ఆయన. వెనక సీటు వైపు అద్దంలో చూశాను. మా ఆవిడ కిటికీ వైపు చూడటం లేదు. నా పక్క సీటు వైపు చూస్తోంది. నాకు సిగ్గేసింది.

సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు అమ్మగారు తనంతట తనే వెనక ఎక్కారు.

"నువ్వు ముందుకెళ్ళమ్మా. రేపట్నుంచి పట్టాల్సింది నువ్వేగా."

కోటిపల్లి రేవులో మా ఆవిడ మొదటిసారి కీలు వదిలేసింది. రెండోసారి కొంగు నడుముకి దోపుకుని, పళ్ళు బిగబట్టి నొక్కింది. గేరు పడింది. కారు వెనక్కి కదిలితే తనే ఇంజను కనిపెట్టినంత గట్టిగా నవ్వింది. కారు కొన్న ఏడాదిలో అందులో కూర్చుని ఆమె నవ్వడం అదే మొదలు.

సోమవారం రొయ్యల చెరువాయన నేను కబురు పెట్టకుండానే వచ్చాడు. ఆయన్ని చూసి నేను లుంగీ సర్దుకునేలోపు మా ఆవిడ గేటు దగ్గరికి వెళ్ళింది.

"అమ్మట్లేదండి."

"రివర్సు లేదంట కదమ్మా, అదేం చేసుకుంటారు?"

"ఎవరన్నారండీ? అన్నీ బాగానే పనిచేస్తాయి."

ఆ బుష్ సంగతి తర్వాత మా మెకానిక్‌కి చెప్పాను. పావుగంట పనేనండి, ఇప్పుడే మార్చేస్తాను అన్నాడు. వద్దన్నాను. పానాల పెట్టె ఆ కారున్న పదకొండేళ్ళూ డిక్కీలోనే ఉండిపోయింది. ఎప్పుడైనా ఒక్కణ్ణే వెళ్ళాల్సి వస్తే మాత్రం, రెండు గేట్లున్న చోటు చూసి ఆపుకునేవాణ్ణి.